ఏఏఎస్‌తో నీళ్లలో సెలీనియం కొలవడం: సెలెనేట్ తప్పించుకోకుండా

క్యాలిబ్రేషన్ గీత (తెలిసిన మోతాదులతో గీసే కొలత గీత) తిన్నగా వచ్చింది, దాని సహసంబంధం 0.999 దాటింది, బ్లాంక్ (సెలీనియం కలపని ద్రావణం) శుభ్రంగా ఉంది, చెక్ స్టాండర్డ్ (తెలిసిన మోతాదుతో సరిచూసుకునే ద్రావణం) కూడా సరిగ్గానే వచ్చింది, బావి నీళ్ల శాంపిల్‌లో మాత్రం సెలీనియం లేదు. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో అలాంటి రిపోర్టు మీద నేను సంతకం పెట్టాను. రెండు వారాల తర్వాత అవే నీళ్లను గ్రాఫైట్ ఫర్నేస్‌లో (శాంపిల్‌ని చిన్న గ్రాఫైట్ గొట్టంలో కాల్చి కొలిచే ఇంకో పద్ధతి) పెడితే లీటరుకు 14 మైక్రోగ్రాములు తేలింది. మెషీన్‌లో (ఏఏఎస్ అంటే అటామిక్ అబ్జార్ప్షన్, మూలకం ఎంత కాంతిని మింగిందో చూసి దాన్ని కొలిచేది) ఏ తప్పూ లేదు. తప్పంతా వాటర్ బాత్‌లో ఉంది. డిస్‌ప్లే 90 డిగ్రీలు చూపిస్తోంది, ట్యూబు లోపల థర్మామీటర్ ముంచి చూస్తే 62. ఆ వేడికి సెలెనేట్ సెలెనైట్‌గా (ఇవి నీళ్లలో సెలీనియం ఉండే రెండు రూపాలు, కింద చెబుతాను) మారలేదు, మారని సెలీనియం నేను వాడిన హైడ్రైడ్ పద్ధతికి కనపడదు. తాగే నీళ్ల విషయంలో ఇలాంటి పొరపాటు జరిగితే ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సెలీనియం ఒంటికి కావలసిందే, కానీ చాలా కొంచెం. పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాములు సరిపోతుందని, 400 దాటకూడదని అమెరికా పోషకాహార ప్రమాణం చెబుతుంది. తాగే నీళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక మార్గదర్శక విలువ లీటరుకు 40 మైక్రోగ్రాములు, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరిమితి 50, ఐరోపా యూనియన్ 2020 నిబంధన ప్రకారం 20, అక్కడే నేల స్వభావం వల్ల సెలీనియం ఎక్కువుండే చోట్ల 30. పదికే గీత గీసిన ప్రమాణాలూ ఉన్నాయి. కాబట్టి మీ పద్ధతి కనీసం 1 మైక్రోగ్రామును నమ్మకంగా చూడగలగాలి, ఇంకా కిందికి వెళ్లగలిగితే మరీ మంచిది.

మామూలు ఫ్లేమ్ ఏఏఎస్‌తో ఇది కుదరదు. సెలీనియం ప్రధాన రేఖ 196.0 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే అతినీలలోహిత కాంతి చివరి అంచున. అక్కడ గాలి, ఎసిటిలీన్ మంటే దీపం వెలుతురులో పెద్ద భాగాన్ని మింగేస్తుంది, మిగిలిన కాస్త వెలుతురులో సిగ్నల్ కంటే గోల ఎక్కువ. ఎంత ఓపికగా చేసినా పదుల మైక్రోగ్రాముల కింద ఏమీ కనపడదు. మిగిలిన దారులు రెండు. ఒకటి హైడ్రైడ్ జనరేషన్, అంటే సెలీనియంని వాయువుగా మార్చి నీళ్లలోంచి బయటికి లాగి, వేడి క్వార్ట్జ్ గొట్టంలో కొలవడం. రెండోది గ్రాఫైట్ ఫర్నేస్. నేను రోజూ చేసేది మొదటిది, అందుకే ఎక్కువ దాని గురించే చెబుతాను, ఫర్నేస్ సంగతి చివర్లో.

ముందు ఆ రెండు రూపాల గొడవ

నీళ్లలో కరిగిన సెలీనియం ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. సెలెనైట్‌లో దాని ఆక్సీకరణ స్థితి +4, సెలెనేట్‌లో +6. పేర్లు వినడానికి ఒకేలా ఉన్నా హైడ్రైడ్ పద్ధతిలో వీటికి నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. సోడియం బోరోహైడ్రైడ్ కలిపితే సెలెనైట్ క్షణాల్లో హైడ్రోజన్ సెలెనైడ్ వాయువుగా మారి పైకొస్తుంది, సెలెనేట్ కదలకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. గాలి బాగా తగిలే, కాస్త క్షారగుణమున్న నీళ్లలో ఎక్కువగా ఉండేది సెలెనేటే. మనం క్యాలిబ్రేషన్‌కి కొనే స్టాండర్డ్‌లు మాత్రం తరచుగా సెలెనైట్‌వి. అంటే గీత ఒక రూపంతో గీస్తున్నాం, శాంపిల్‌లో ఇంకో రూపం ఉంది. ఆ గీత ఎంత అందంగా వచ్చినా సెలెనేట్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

అందుకే మీ దగ్గర రెండు స్టాక్ ద్రావణాలు ఉండి తీరాలి. లీటరుకు 1000 మిల్లీగ్రాముల సెలీనియం ఉన్న సెలెనైట్ స్టాక్ కావాలంటే 1.405 గ్రాముల సెలీనియం డయాక్సైడ్‌ని నీళ్లలో కరిగించి లీటరు చేయాలి. సెలెనేట్ స్టాక్‌కి నీటి అణువులు లేని సోడియం సెలెనేట్ 2.393 గ్రాములు. సెలెనైట్‌ది తయారుగా కొనుక్కున్నా పర్వాలేదు, సర్టిఫికెట్ మీద ఏ రూపమో చదివి సీసా మీద మార్కర్‌తో రాసి పెట్టండి. సెలెనేట్‌ది దొరక్కపోతే మీరే చేసుకోండి, తూకం వేసేటప్పుడు గ్లోవ్స్, మాస్క్ తప్పనిసరి, ఈ పొడులు విషం.

రెండింటినీ ఒకే తీరుగా పలచన చేయండి. స్టాక్ 1 మి.లీ. తీసుకుని 100 చేస్తే 10 మిల్లీగ్రాములు, అందులోంచి 1 మి.లీ. మళ్లీ 100 చేస్తే లీటరుకు 100 మైక్రోగ్రాములు. ఇది పని చేసే ద్రావణం, ఏరోజుకారోజు చేసుకోవాలి. సెలెనైట్ పని ద్రావణం నుంచి 1, 2, 5, 10 మి.లీ. చొప్పున వేరువేరు ఫ్లాస్కుల్లోకి తీసి ఒక్కోటి 100 చేస్తే 1, 2, 5, 10 మైక్రోగ్రాముల స్టాండర్డ్‌లు వస్తాయి. సెలెనేట్ నుంచి 5 మైక్రోగ్రాములది ఒక్కటి చాలు. దీన్ని క్యాలిబ్రేషన్‌లో కలపొద్దు, దీని పని వేరే.

శాంపిల్ తేవడం

పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ సీసాలు, 10 శాతం యాసిడ్‌లో ఒక రాత్రి నానబెట్టి డీఅయనైజ్డ్ నీళ్లతో బాగా కడిగినవి. కరిగిన సెలీనియం మాత్రమే కావాలంటే నీళ్లు పట్టిన చోటే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, తర్వాతే యాసిడ్ కలపాలి. ముందు యాసిడ్ కలిపి తర్వాత వడకడితే మట్టి రేణువులకు అంటుకున్నది కూడా ఊడి నీళ్లలో కలిసిపోతుంది. హైడ్రైడ్‌కి వెళ్లే సీసాలో లీటరుకు 2 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఫర్నేస్‌కి వెళ్లే సీసాలో అంతే నైట్రిక్. పీహెచ్ 2 కంటే తక్కువకు వచ్చిందో లేదో ఒక చుక్క పేపరు మీద వేసి చూడండి, పేపరుని సీసాలో ముంచొద్దు. రెండు యాసిడ్‌లు ఎందుకంటే, నైట్రిక్ హైడ్రైడ్‌ని చెడగొడుతుంది, క్లోరైడ్ ఫర్నేస్‌ని చెడగొడుతుంది. ఒకే సీసాతో రెండూ కానిచ్చేద్దాం అనుకుంటే ఏదో ఒకటి పాడవుతుంది. ప్రతి ట్రిప్పులో ఒక సీసాలో డీఅయనైజ్డ్ నీళ్లు పోసుకుని వెళ్లి, అక్కడ మూత తీసి, అదే యాసిడ్ కలిపి తీసుకురండి. ఫీల్డ్ బ్లాంక్ లేని బ్యాచ్‌లో తక్కువ విలువలు వస్తే వాటి మీద మాట్లాడటం కష్టం.

వేడి చేసే మెట్టు, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సింది

ఇదంతా ఫ్యూమ్ హుడ్ లోపల. 50 మి.లీ. గీతలున్న పాలీప్రొపిలీన్ ట్యూబులు తీసుకుని, ఒక్కోదాంట్లో 10 మి.లీ. శాంపిల్, దాని మీద 10 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ నెమ్మదిగా పోయండి. గాఢ యాసిడ్ 12 మోలార్ దగ్గర ఉంటుంది కాబట్టి సమానంగా కలిపితే 6 మోలార్ అవుతుంది. పోస్తుంటేనే ట్యూబు చేతికి వెచ్చగా తగులుతుంది, కంగారు పడక్కర్లేదు. మెల్లగా తిప్పి కలపండి.

ట్యూబులను 95 డిగ్రీల బాత్‌లో గానీ హీటింగ్ బ్లాక్‌లో గానీ పెట్టండి. ఇక్కడే నేను దెబ్బతిన్నది. ఒక ట్యూబులో 20 మి.లీ. నీళ్లు పోసి థర్మామీటర్ ముంచి, దాన్ని మధ్యలో కాకుండా అంచున, అన్నిటికంటే చల్లగా ఉండే మూలలో పెట్టండి. ఆ థర్మామీటర్ 90 దాటాకే టైమ్ మొదలవుతుంది, ట్యూబులు పెట్టిన క్షణం నుంచి కాదు. ఎన్ని ఎక్కువ ట్యూబులు పెడితే వేడెక్కడానికి అంత ఎక్కువ సేపు పడుతుంది, 6 ట్యూబులప్పుడు సరిపోయిన సమయం 40 ట్యూబులప్పుడు సరిపోదు. బాత్‌లో నీటి మట్టం ట్యూబులోని ద్రావణం మట్టం కంటే పైన ఉండాలి. 90 దాటాక 30 నిమిషాలు ఉంచుతాను.

మూతలు బిగించొద్దు, వదులుగా పెట్టండి. సెలెనేట్ సెలెనైట్‌గా మారేటప్పుడు క్లోరిన్ పుడుతుంది, శాంపిల్‌లో నైట్రేట్ లాంటివి ఉంటే ఇంకొంచెం ఎక్కువ పుడుతుంది. అది బయటికి పోకపోతే మారిన సెలెనైట్‌ని మళ్లీ సెలెనేట్‌గా చేసేస్తుంది, పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. చల్లారాక డీఅయనైజ్డ్ నీళ్లతో 25 మి.లీ. చేసి ఆ రోజే కొలిచేయండి. రేపటికి దాచిపెట్టొద్దు.

స్టాండర్డ్‌లు, బ్లాంక్, సెలెనేట్ చెక్, అన్నీ 10 మి.లీ. చొప్పున ఇదే దారిలో, ఇదే బాత్‌లో వెళ్లాలి. కొందరు స్టాండర్డ్‌లను వేడి చేయకుండా నేరుగా యాసిడ్‌లో చేస్తారు, లెక్క కట్టుకుంటే అదీ తప్పు కాదు. నేను మాత్రం అన్నిటినీ కలిపే తీసుకెళ్తాను. యాసిడ్ బలం అందరికీ ఒకటే ఉంటుంది, యాసిడ్‌లో ఉన్న మలినం అందరికీ ఒకేలా పంచబడుతుంది, చివర్లో పలచన లెక్క ఉండదు, మెషీన్ చెప్పిన సంఖ్యే అసలు నీళ్లలోని సంఖ్య.

యాసిడ్ మలినం చిన్న విషయం కాదు. ప్రతి ట్యూబులోకీ 10 మి.లీ. గాఢ యాసిడ్ పోస్తున్నాం, అందులో ఉన్న రవ్వంత సెలీనియం కూడా బ్లాంక్‌లో తేలుతుంది. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ ముందు దానితో రెండు బ్లాంక్‌లు నడిపి చూడండి. అదే కంపెనీ, అదే గ్రేడ్ అయినా బ్యాచ్ మారితే బ్లాంక్ మారడం నేను చూశాను. ఒక బ్యాచ్ శాంపిల్స్ మధ్యలో యాసిడ్ సీసా మార్చొద్దు.

ఒక హెచ్చరిక. ఆర్సెనిక్ కూడా కొలిచే ల్యాబుల్లో దానికోసం పొటాషియం అయోడైడ్, ఆస్కార్బిక్ యాసిడ్ కలిపిన ద్రావణం సిద్ధంగా ఉంటుంది. సెలీనియం ట్యూబులో అది పడకూడదు. అయోడైడ్ సెలీనియంని మూలకం దాకా తగ్గించేస్తుంది, అప్పుడు హైడ్రైడ్ రాదు. ఆర్సెనిక్ చేసిన పిపెట్ టిప్, ఆర్సెనిక్ నడిచిన గొట్టాలు కూడా బాగా కడగకుండా వాడితే సిగ్నల్ పడిపోతుంది, ఎందుకు పడిందో తెలియక ఒక రోజు పోతుంది. గొట్టాల సెట్టు వేరుగా పెట్టుకోవడమే మేలు.

మురుగు నీళ్లు, చెరువు నీళ్లు లాంటి వాటిలో సేంద్రియ రూపాల్లో కూడా సెలీనియం ఉంటుంది, ఉత్త హైడ్రోక్లోరిక్ వేడి దాన్ని విడగొట్టదు. అప్పుడు ముందు పర్‌సల్ఫేట్‌తో జీర్ణం చేయాలి: 50 మి.లీ. శాంపిల్‌కి 2.5 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 మి.లీ., 5 శాతం పొటాషియం పర్‌సల్ఫేట్ ద్రావణం 5 మి.లీ. కలిపి, సన్నగా మరిగిస్తూ 30 నుంచి 40 నిమిషాల్లో 10 మి.లీ.కి తేవాలి, ఎండిపోనివ్వకూడదు. తర్వాత మళ్లీ 50 చేసి పైన చెప్పిన దారి. పర్‌సల్ఫేట్ అంతా ఖర్చయ్యేలా మరిగించకపోతే మిగిలింది హైడ్రోక్లోరిక్‌తో క్లోరిన్ పుట్టించి కథ మొదటికి తెస్తుంది.

బోరోహైడ్రైడ్, మెషీన్

500 మి.లీ.కి 2.5 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ముందు కరిగించండి, పూర్తిగా కరిగాక 3 గ్రాముల సోడియం బోరోహైడ్రైడ్. వరస తిరగేస్తే బోరోహైడ్రైడ్ నీళ్లలోనే విరిగిపోవడం మొదలవుతుంది. ఇవి శాంపిల్ ఆగకుండా పారే కంటిన్యువస్ ఫ్లో రకానికి పనికొచ్చే పాళ్లు, శాంపిల్‌ని కొంచెం కొంచెంగా పంపే ఫ్లో ఇంజెక్షన్ రకంలో 0.2 శాతం బోరోహైడ్రైడ్, 0.05 శాతం హైడ్రాక్సైడ్ సరిపోతాయి. మీ మెషీన్ మాన్యువల్ చెప్పిందే పట్టుకోండి. రోజూ కొత్తగా చేయాలి, వడకట్టాలి. పొడి గడ్డకట్టి ఉంటే తేమ పీల్చిందని అర్థం, దాంతో చేస్తే సెన్సిటివిటీ పడిపోతుంది. చేసిన సీసాను గట్టిగా మూయొద్దు, లోపల హైడ్రోజన్ పుడుతూనే ఉంటుంది.

దీపం విషయంలో వీలైతే ఎలక్ట్రోడ్‌లెస్ డిశ్చార్జ్ ల్యాంప్ వాడండి. హాలో క్యాథోడ్ ల్యాంప్‌తో పని జరుగుతుంది కానీ 196 దగ్గర దాని వెలుతురు బలహీనం, గోల ఎక్కువ. ఏదైనా సరే వేడెక్కడానికి అరగంట పైనే ఇవ్వండి, ఎలక్ట్రోడ్‌లెస్‌కి 45 నిమిషాలు. క్వార్ట్జ్ సెల్ 900 డిగ్రీల దగ్గర, మోసుకెళ్లే వాయువు ఆర్గాన్. సెల్‌ని వెలుతురు దారిలో సరిగ్గా నిలబెట్టడం మీదే సగం సెన్సిటివిటీ ఆధారపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక మరోసారి సర్దండి.

పంపు గొట్టాలను చేత్తో పట్టుకుని చూడటం అలవాటు చేసుకోండి. కొత్త గొట్టం గుండ్రంగా, చేతికి స్ప్రింగులా ఉంటుంది. అరిగింది చప్పిడిగా, రోలర్ నొక్కిన చోట పాలరంగు గీతతో ఉంటుంది. అలాంటి గొట్టంతో పీకులు (సిగ్నల్ శిఖరాలు) ఒకటి ఎత్తుగా ఒకటి పొట్టిగా వస్తాయి, మనం రసాయనాల్లో తప్పు వెతుకుతుంటాం. గ్యాస్, లిక్విడ్ సెపరేటర్ నుంచి సెల్‌కి వెళ్లే సన్న గొట్టంలో నీటి చుక్క నిలిచినా అంతే. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే చిన్న ముత్యంలా కనపడుతుంది. ఆపి, విప్పి, ఆరబెట్టండి. కొత్త సెల్ పెట్టిన రోజు మొదటి పది పీకులు లెక్కలోకి తీసుకోకండి. 10 మైక్రోగ్రాముల స్టాండర్డ్ వరసగా నడుపుతూ ఉంటే సిగ్నల్ మెల్లగా పెరిగి ఒకచోట నిలబడుతుంది, అక్కడి నుంచే అసలు పని.

నడిపే వరస

బ్లాంక్, నాలుగు స్టాండర్డ్‌లు, మళ్లీ బ్లాంక్. ఆ తర్వాత వేరే చోట కొన్న స్టాక్‌తో చేసిన చెక్, వెంటనే 5 మైక్రోగ్రాముల సెలెనేట్ చెక్. ఇది 4.5 నుంచి 5.5 మధ్య రాకపోతే శాంపిల్స్ దగ్గరికి వెళ్లొద్దు. 3 వచ్చిందంటే వేడి మెట్టులో 60 శాతమే మారింది, దాన్ని లెక్కతో సరిచేయడం కాదు, మొత్తం బ్యాచ్ మళ్లీ వేడి మెట్టు నుంచి చేయాలి. పద్ధతి కొత్తగా పెట్టేటప్పుడు ఇంకో పరీక్ష కూడా చేయండి, సెలెనేట్‌ని వేడి చేయకుండా అదే యాసిడ్‌లో వెంటనే కొలవండి. దాదాపు సున్నా రావాలి. అలా వస్తేనే, వేడి చేశాక వచ్చే 5 నిజంగా మీ వేడి మెట్టు చేసిన పని అని తెలుస్తుంది. ఎక్కువ వస్తే మీ సెలెనేట్ స్టాక్‌లోనే సెలెనైట్ కలిసి ఉంది, ఆ స్టాక్ పనికిరాదు.

ప్రతి 10 శాంపిల్స్‌కి ఒక 5 మైక్రోగ్రాముల చెక్, ఒక బ్లాంక్. 10 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే ఆగి, కారణం తెలుసుకుని, చివరి మంచి చెక్ తర్వాతివన్నీ మళ్లీ. 10 మైక్రోగ్రాముల పైన గీత వంగుతుంది కాబట్టి అంతకంటే ఎక్కువ వచ్చిన శాంపిల్‌ని వేడి మెట్టుకు ముందే పలచన చేసి మళ్లీ తెండి. బాగా ఎక్కువున్న శాంపిల్ తర్వాత బ్లాంక్ రెండుసార్లు నడిపితే గొట్టాల్లో మిగిలింది పోతుంది.

స్పైక్‌ని, అంటే శాంపిల్‌లో కావాలని కలిపే తెలిసిన మోతాదుని, సెలెనేట్‌తో వేయండి. సెలెనైట్‌తో వేసిన స్పైక్ వేడి మెట్టు సరిగ్గా జరగకపోయినా తిరిగి వస్తుంది, అందులో కొత్తగా తెలిసేది సగమే. 10 మి.లీ. శాంపిల్‌లో 100 మైక్రోగ్రాముల సెలెనేట్ ద్రావణం 0.5 మి.లీ. వేస్తే అది 50 నానోగ్రాములు, అంటే ఆ 10 మి.లీ.కి లీటరు లెక్కన 5 మైక్రోగ్రాములు కలిపినట్టు. చివర్లో అన్నీ 25 మి.లీ.కే తెస్తాం కాబట్టి ఆ అర మి.లీ. వల్ల పలచన లెక్క మారదు. స్పైక్ లేని శాంపిల్ 3.2, స్పైక్ వేసింది 7.9 వస్తే, 4.7ని 5తో భాగించి 94 శాతం రికవరీ (వేసినదాంట్లో తిరిగి దొరికిన భాగం). నేను 85 నుంచి 115 వరకు ఒప్పుకుంటాను.

రికవరీ తక్కువొచ్చి, సెలెనేట్ చెక్ మాత్రం బాగుందనుకోండి, అప్పుడు అనుమానం శాంపిల్ మీద. రాగి, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాలు హైడ్రైడ్ పుట్టకుండా అడ్డుపడతాయి. ఇత్తడి కుళాయి నుంచి మొదటి ధారనే పట్టిన నీళ్లలో రాగి కాస్త ఎక్కువ ఉండొచ్చు, అందుకే కాసేపు వదిలాక పట్టమని చెబుతారు. శాంపిల్‌ని ఐదింతలు పలచన చేసి కొలిచి ఐదుతో గుణించండి. పలచన చేయకుండా వచ్చిన దానికంటే ఇది బాగా ఎక్కువుంటే ఏదో అడ్డుపడుతున్నట్టే. యాసిడ్ బలంగా, బోరోహైడ్రైడ్ తక్కువగా ఉంటే లోహాల బెడద తగ్గుతుంది. నైట్రైట్ వల్ల అయితే చల్లారాక కొద్దిగా సల్ఫామిక్ యాసిడ్ కలిపితే విరిగిపోతుంది, బ్లాంక్‌కీ స్టాండర్డ్‌లకీ కూడా అంతే కలపాలి.

ఎంత కిందికి కొలవగలరో కూడా సెలెనేట్‌తోనే చూసుకోండి. 0.5 మైక్రోగ్రాముల సెలెనేట్‌ని ఏడు వేరువేరు ట్యూబుల్లో మొదటి నుంచి చివరి దాకా నడిపి, ఏడు విలువల ప్రామాణిక విచలనాన్ని 3.143తో గుణిస్తే డిటెక్షన్ లిమిట్ అంచనా వస్తుంది. విచలనం 0.04 అయితే లిమిట్ 0.13. ఒకే ట్యూబుని ఏడుసార్లు కొలిస్తే ఇంకా చిన్న సంఖ్య వస్తుంది, కానీ అది మెషీన్ స్థిరత్వం, మీ పద్ధతిది కాదు.

ఫర్నేస్ ఉన్నవాళ్లకి

గ్రాఫైట్ ఫర్నేస్‌కి పెద్ద సుఖం ఏమిటంటే, సరైన మోడిఫయర్ (సెలీనియం ఎగిరిపోకుండా పట్టి ఉంచే రసాయనం) ఉంటే సెలెనైట్, సెలెనేట్ రెండూ దానికి ఒకటే, ఆ హైడ్రోక్లోరిక్ వేడి మెట్టు అక్కర్లేదు. కష్టం ఏమిటంటే సెలీనియం తేలిగ్గా ఆవిరవుతుంది. మోడిఫయర్ లేకుండా యాషింగ్ (కొలవడానికి ముందు మిగతా పదార్థాలను కాల్చేసే మెట్టు) వేడి పెంచితే కొలిచే లోపే ఎగిరిపోతుంది. 20 మైక్రోలీటర్ల శాంపిల్‌కి 5 మైక్రోగ్రాముల పల్లాడియం, 3 మైక్రోగ్రాముల మెగ్నీషియం నైట్రేట్ పడేలా మోడిఫయర్ వేస్తే 1300 డిగ్రీల దాకా పట్టి ఉంచుతుంది. 110 నుంచి 130 దగ్గర నిదానంగా ఆరబెట్టి, 1300 దగ్గర యాషింగ్, 1900 నుంచి 2100 మధ్య ఎక్కడో అటమైజేషన్ (సెలీనియంని విడి పరమాణువులుగా చేసి కొలిచే మెట్టు), ఆ క్షణంలో ఆర్గాన్ ఆపి, పీక్ ఎత్తు కాకుండా వైశాల్యం తీసుకోవాలి. ఇనుము, ఫాస్ఫేట్ ఎక్కువున్న నీళ్లలో డ్యుటీరియం బ్యాక్‌గ్రౌండ్ కరెక్షన్ (వేరే పదార్థాలు మింగిన కాంతిని లెక్కలోంచి తీసేసే ఏర్పాటు) తప్పుడు విలువలిస్తుంది, అదే పని అయస్కాంతంతో చేసే జీమన్ ఉన్న మెషీన్ కావాలి. డిటెక్షన్ లిమిట్ హైడ్రైడ్ అంత కిందికి వెళ్లదు, దాదాపు 1 మైక్రోగ్రాము దగ్గర ఆగుతుంది. 10 పైనో కిందో తేల్చాలంటే చాలు, ఒకటి రెండు మైక్రోగ్రాముల మధ్య తేడా చెప్పాలంటే చాలదు. నా మొదటి తప్పును పట్టిచ్చింది ఫర్నేసే కాబట్టి, రెండూ ఉన్న ల్యాబ్‌లో నెలకోసారైనా కొన్ని శాంపిల్స్ రెండింట్లోనూ నడిపి పక్కపక్కన పెట్టి చూడమంటాను.

గాలి సంగతి మరిచిపోవద్దు

హైడ్రోజన్ సెలెనైడ్ చాలా విషపు వాయువు. పని చేసే చోట గాలిలో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమితి 0.05 పీపీఎం మాత్రమే. మనం పుట్టించేది నానోగ్రాముల్లోనే అయినా సెల్ మీద ఎగ్జాస్ట్ లేకుండా మెషీన్ ఆన్ చేయొద్దు, గాఢ స్టాండర్డ్‌ని సరదాకి బోరోహైడ్రైడ్‌తో కలిపి చూడొద్దు. వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోకండి, ముక్కు దానికి త్వరగా మొద్దుబారుతుంది. వేస్ట్ క్యాన్‌లో యాసిడ్, మిగిలిన బోరోహైడ్రైడ్ కలుస్తాయి కాబట్టి సాయంత్రం దాకా హైడ్రోజన్ బుడగలు వస్తూనే ఉంటాయి. ఆ క్యాన్ మూత బిగించి ఇంటికెళ్తే రాత్రికి ఉబ్బి పగలొచ్చు. గొట్టం పట్టేంత రంధ్రం వదిలి, హుడ్‌లో ఉంచండి, దగ్గర్లో మంట గానీ వేడి సెల్ గానీ ఉండకూడదు.

రిపోర్టు రాసేటప్పుడు ఏం కొలిచారో అదే రాయండి. వడకట్టి, హైడ్రోక్లోరిక్ వేడి మెట్టు మాత్రమే చేస్తే అది కరిగిన అకర్బన సెలీనియం. వడకట్టకుండా పర్‌సల్ఫేట్ కూడా చేస్తేనే మొత్తం సెలీనియం. వేడి మెట్టు చేయకుండా కొలిస్తే సెలెనైట్ ఒక్కటే. "లేదు" అని రాయకండి, "0.13 కంటే తక్కువ" అని రాయండి, పక్కనే ఆ రోజు సెలెనేట్ చెక్ ఎంత వచ్చిందో కూడా వేయండి. నేను సంతకం పెట్టిన ఆ మొదటి రిపోర్టులో ఆ ఒక్క గడి ఉండి ఉంటే, 5 రావాల్సిన చోట 1 కూడా రాలేదని సంతకానికి ముందే కనపడేది.